లోపలి పాట

మా వరండాలో పన్నెండు మంది కూర్చోవచ్చు. మా ఆయన చెంగయ్య దగ్గరుండి కొలత చూసి కట్టించాడు. పెళ్ళిళ్ళకో పేరంటాలకో అనుకునేరు, అందుకు కాదు. పాత ట్రాక్టర్ల వేలం ముగిశాక దళారులు వచ్చి కూర్చోవటానికి.

పలమనేరు నుంచి చిత్తూరు పోయే దారిలో మాకు పాత సేద్యం సామాన్ల షెడ్డు ఉంది. ట్రాక్టర్లు, రోటావేటర్లు, చెరకు గానుగలు, మందు కొట్టే మిషన్లు పాటల్లో కొని, బాగుచేసి, రంగు వేసి అమ్ముతాం. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు మా అబ్బాయి గిరిప్రసాద్ చూసుకుంటున్నాడు. బోర్డు మీద మాత్రం నా పేరే, లైసెన్సు కూడా నా పేరు మీదే. నా పేరు కలిసొస్తుందని మా ఆయనకు ఎవరో జోస్యుడు చెప్పాడట. నేను చదివింది మూడో తరగతి. నాగరత్నమ్మ అని రాయటం వచ్చు. ఎక్కడ రాయమంటే అక్కడ రాస్తూ వచ్చాను.

ముందు మీకు లోపలి పాట అంటే ఏమిటో చెప్పాలి.

ఒక రైతు తన ట్రాక్టర్‌ను పాటకు పెడతాడు. నలుగురైదుగురు దళారులు వస్తారు. ఊరందరి ముందరా ఒకరి మీద ఒకరు పాడుతున్నట్టే పాడతారు. కానీ ఎవరు ఎక్కడ ఆగాలో, చివరికి ఎవరికి దక్కాలో పొద్దున్నే మాట్లాడుకుని ఉంటారు. సామాను చవగ్గా వస్తుంది. అది బయటి పాట. తర్వాత మా వరండాలో కూర్చుని అదే సామానుకు వాళ్ళలో వాళ్ళు అసలు పాట పాడుకుంటారు. అది లోపలి పాట. బయటి ధరకూ లోపలి ధరకూ మధ్య ఉన్న తేడాను అందరూ పంచుకుంటారు. దానికి గుడ్‌విల్ అని పేరు పెట్టుకున్నారు. మాట తప్పకుండా ఉండటానికి కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు వేసుకుంటారు. మా వైపు ఆ ఒట్టు వేసి దాటిన మనిషిని నేను చూడలేదు. దొంగతనం చేసినవాడు కూడా కాణిపాకం రమ్మంటే ఒప్పేసుకుంటాడు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నలభై ఏళ్ళుగా ఆ వరండాలోకి కాఫీ తెచ్చింది నేను. బయటి పాట ఒక్కటీ చూడలేదు, ఆడవాళ్ళు పోరు కదా. లోపలి పాట ఒక్కటీ వదల్లేదు. చదువు లేకపోయినా విన్నది నా నుంచి జారిపోదు. బైరెడ్డిపల్లె నీలం ట్రాక్టర్, బయట లక్షా పది, లోపల లక్షా డెబ్బై. గంగవరం వాళ్ళ నూర్పిడి మిషన్, బయట ముప్పై, లోపల యాభై రెండు. ఆ రోజు ఉలవచారు చేశాను, పుంగనూరు నరేంద్ర మూడుసార్లు పోయించుకున్నాడు. మా ఆయన లెక్క మరిచిపోతే నన్నే పిలిచేవాడు. "ఏమ్మే, ఆ వి.కోట రోటావేటర్ ఎంతకు పోయింది?" అనేవాడు. నేను వంటింట్లోంచే చెప్పేదాన్ని, గర్వంగానే చెప్పేదాన్ని. ఒక చెరకు గానుగ కూడా ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను. ఇప్పుడే చెప్పటానికి మనసు రావటం లేదు.

పోయిన కార్తీక మాసంలో సిద్ధమ్మ మా ఇంటికి వచ్చింది. మా పుట్టినూరి పిల్ల. నేను పెళ్ళయి పిల్లాడితో పుట్టింటికి పోయినప్పుడు తను ఇంకా పాకుతుండేది. వరసకు పెద్దమ్మా అంటుంది. ఆమె మొగుడు మునిచంద్ర ఆ ఏడు ఎండాకాలంలో గుండె నొప్పి వచ్చి పోయాడు. బతికున్నంత కాలం ట్రాక్టర్‌ను కన్నబిడ్డలా చూసుకున్న మనిషి. పని ముగిసిన ప్రతి సాయంత్రం కడిగి, గుడ్డతో తుడిచి, పట్ట కప్పేవాడు.

సిద్ధమ్మ వంటింటి గడప మీదే కూర్చుంది.

"ట్రాక్టర్ పాట పెట్టేస్తా ఉండా పెద్దమ్మా. తోలేవోడే లేనప్పుడు అదెందుకు నాకు? ఆవులు కొనుక్కుంటా. అవైతే నా సేతి కింద ఉంటాయి."

"ఎన్ని కొంటావమ్మా?"

"అయిదు. నేను లెక్కేసుకున్నా. మూడైతే మేతకీ దాణాకీ సరి, నాకేం మిగల్దు. అయిదుంటే పాలు డైరీకి పోసి, ఇల్లు నెట్టుకొచ్చి, పిల్లని సదివించుకుంటా." పిల్ల అంటే ఐశ్వర్య, తిరుపతిలో నర్సింగు చదువుతోంది. "ఆవు ఎనభై వేలు సెప్తా ఉండారు. అయిదంటే నాలుగు లక్షలు. బండి అంత సేస్తాదంట గదా?"

"చేస్తుంది" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. చేస్తుంది, మా వరండాలో.

"షెడ్డోళ్ళకి ఊరికే ఇచ్చేస్తే మోసం సేస్తారు, నలుగురిలో పాట పెడితే న్యాయమైన ధర వస్తాదని అందరూ సెప్పినారు. మొగోళ్ళ మధ్య నేనొక్కదాన్నే. నువ్వొచ్చి పక్కన కూర్సో పెద్దమ్మా. నాకదే ధైర్యం."

నలభై ఏళ్ళలో నన్ను బయటి పాటకు పిలిచిన మొదటి మనిషి ఆమె. వస్తానన్నాను. అని, ఆమె వెళ్ళిపోయాక పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను.

పాట రోజు పొద్దున్నే నలుగురూ వరండాలో చేరారు. చిత్తూరు గుణశేఖర్, రేణిగుంట వైపు నుంచి చక్రధర్, పుంగనూరు నరేంద్ర, మా గిరి. గుణశేఖర్‌ది పెద్ద గొంతు. వాడు గుసగుసలాడినా గేటు దాకా వినిపిస్తుంది.

"బండి సూసినానప్పా. పెండ్లికూతురు మాదిరి పెట్టుకోనుండాడు ఆ మునిచంద్ర. ఇంజన్ మీద మెకానిక్ సెయ్యి పడలేదు. రోటావేటర్ కూడా ఉండాది. మనలో మనకి నాలుగు దాటతాది."

"బయట?" అన్నాడు చక్రధర్.

"రెండు నలభై కాడ నిలబెడదాం. ఈసారి పాట గిరికి దక్కేటట్టు కొట్టించుకుందాం. ఆ ఊర్లో ఒక రైతు కొనాలని తిరగతా ఉండాడు. వాన్ని నేను సూసుకుంటా. గేర్‌బాక్స్ పోయిందని ఒక మాట, సేతిలో అయిదు వేలు. అంతే."

నేను కాఫీ ఇస్తూ ఉన్నాను. గుణశేఖర్ గ్లాసు అందుకుంటూ నవ్వాడు. "అమ్మ కాఫీ తాగకుండా పాటకు పోతే కలిసిరాదబ్బా." తర్వాత నలుగురూ చేతులు కలిపి కాణిపాకం స్వామి మీద ఒట్టు వేసుకున్నారు.

రెండు నలభై అంటే మూడు ఆవులు. నాకు లక్షలు అంత తొందరగా తలకెక్కవు గానీ ఆవులు వెంటనే కనబడ్డాయి.

గిరి చేతులు కడుక్కోవటానికి పెరట్లోకి వచ్చాడు. తువ్వాలు అందిస్తూ అడిగాను.

"ఈ ఒక్కటి వదిలేయ్ నాయనా. అది మా ఊరి పిల్ల."

"నేను వదిలేస్తే చక్రధర్ మీద కొట్టించుకుంటారు. ఆమెకి వచ్చేది అదే రెండు నలభై. మనకి గుడ్‌విల్ పోతాది, అంతే తేడా."

"నిజం ధర నువ్వు పాడు."

వాడు తువ్వాలు తీగ మీద వేశాడు. "ఒట్టేసినాను గదమ్మా. దాటితే ఈ జిల్లాలో నన్ను ఏ పాటకైనా రానిస్తారా? షెడ్డు ఎట్ల నడస్తాది? ఇది నేను కనిపెట్టింది కాదు, నాయన నేర్పింది. అప్పుడు నువ్వేం అన్లేదే."

వాడు జేబులోంచి ధరావతు కాగితం తీశాడు. పాటలో నిలబడాలంటే ముందు పది వేలు కట్టి, పేరు రాయించుకోవాలి. "ఈడ సంతకం పెట్టు" అన్నాడు. ఎప్పటిలాగే పెట్టాను. నాగరత్నమ్మ.

సిద్ధమ్మ వాళ్ళ కళ్ళంలో ట్రాక్టర్‌ను నిలబెట్టారు. ఎవరో బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టారు. పాట పాడించటానికి రిటైరైన హెడ్‌మాస్టరు బాలసుబ్రమణ్యం గారిని పిలిచారు, నీతి తప్పని మనిషని. నేను సిద్ధమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. నన్ను చూసి గిరి మొహం చిట్లించాడు. ఊరి పిల్ల పిలిస్తే ముసలమ్మ వచ్చిందనుకుని ఉంటాడు.

బాలసుబ్రమణ్యం గారు ధరావతు కట్టినవాళ్ళ పేర్లు చదివారు. గుణశేఖర్, చక్రధర్, నరేంద్ర. "నాగరత్నమ్మ, పలమనేరు" అన్నారు. గిరి చెయ్యెత్తాడు. నా పేరు ఒక పాటలో చదవగా వినటం నాకదే మొదలు. ఇన్నేళ్ళుగా ఎన్ని కళ్ళాల్లో ఇలా చదివి ఉంటారో.

పాట లక్షా యాభై దగ్గర మొదలైంది. ఎంత బాగా నటించారనుకున్నారు. చక్రధర్ టైరు తన్ని చూసి పెదవి విరిచి, లక్షా డెబ్బై అన్నాడు. నరేంద్ర ఎవరికో ఫోను చేసినట్టు చేసి, రెండు లక్షలు అన్నాడు. గుణశేఖర్ "వద్దులేప్పా" అంటూనే పది వేలు పెంచాడు. ఆ ఊరి రైతు ఒకడు ముందుకు వచ్చాడు. గుణశేఖర్ వాడి భుజం మీద చెయ్యి వేసి, చింతచెట్టు వైపు నడిపించుకుంటూ పోయాడు. తిరిగి వచ్చాక ఆ రైతు నేల చూస్తూ నిలబడ్డాడు. చివరికి మా గిరి, "రెండు నలభై" అన్నాడు.

అంతే, అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

సిద్ధమ్మ కొంగు కింద వేళ్ళు ముడుస్తోంది. ఒకటి, రెండు, మూడు. నాలుగో వేలు ముడవబోయి ఆగిపోయింది. "మూడే పెద్దమ్మా" అంది నాకు మాత్రం వినబడేలా. "బండి బాగాలేదేమో మరి. ఆయన బాగా సూసుకున్నాడనే అనుకున్నా."

ఆ మాటే నన్ను పట్టుకుంది. ధర తగ్గినందుకు కాదు, పోయిన మొగుడి చేతిపని మీద ఆమెకు అనుమానం వచ్చింది. మా వరండాలో నేను చూడని సగం ఇదన్నమాట. ఆ ట్రాక్టర్లన్నిటి వెనకా ఎవరో ఒకరు ఇలా వేళ్ళు ముడుస్తూ కూర్చుని ఉంటారు.

"రెండు నలభై, ఒకటోసారి" అన్నారు బాలసుబ్రమణ్యం గారు. "రెండోసారి."

"నాలుగు లక్షలు" అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. గిరి నా వైపు చూసిన చూపు నేను చెప్పలేను.

బాలసుబ్రమణ్యం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అమ్మా, ధరావతు కట్టినోళ్ళే పాడాల."

"కట్టినాను సామీ. నాగరత్నమ్మ, పలమనేరు. ఇప్పుడే సదివినారు గదా. సంతకం కూడా నాదే."

ఆయన కాగితం చూశారు. "ఉండాది, నీ పేరే ఉండాది. కానీ ఇప్పుడు నడిచే పాట కూడా నీ పేరు మీదిదే గదమ్మా. రెండు నలభై నీదే. నీ పాట మీద నువ్వే పాడతావా?"

కళ్ళంలో నవ్వులు లేచాయి. గుణశేఖర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. "ముసలామెకి ఎండ తగిలినట్టుండాది. గిరీ, నీళ్ళు తాపించప్పా."

"పాడకూడదని ఏమన్నా ఉండాదా సామీ?" అని అడిగాను.

ఆయన కాగితం మడిచారు. "ఎవురూ పాడరు గాబట్టి ఎవురూ రాయలేదు. పాడకూడదనైతే లేదు."

"అయితే నాలుగు లక్షలు. అయిదు ఆవులు."

నవ్వులు ఆగిపోయాయి. సిద్ధమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇంకా గుర్తుంది. లోపలి ధర బయట చెప్పాను, నేను చేసింది అంతే. ఒట్టు వేసింది వాళ్ళు, నేను కాదు.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. బాలసుబ్రమణ్యం గారు బానెట్ మీద చేత్తో తట్టారు.

ఆ మధ్యాహ్నం నలుగురూ మా ఇంటికి వచ్చారు గానీ ఎవరూ కూర్చోలేదు. పంచుకోవటానికి తేడాయే లేదు కదా. నేను కాఫీ తెస్తే గుణశేఖర్ అందుకోలేదు.

"గిరీ, నువ్వు ఒట్టు దాటలేదని సామికి తెలుసు, మాకూ తెలుసు. అయినా ఒక ఇంట్లో రెండు గొంతులుంటే మాకు కుదరదప్పా. ఇంక మీ యమ్మా నువ్వూ పాడుకోండి."

వాళ్ళ బండి శబ్దం దూరమయ్యాక గిరి మెట్ల మీద కూర్చున్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

"పది వేలు పోతే పోయిందని పాట వదిలేయొచ్చు" అన్నాడు. "మళ్ళీ పాట పెడతారు. ఈసారి రెండు లక్షలకే పోతాది. వాళ్ళు కోపంగా ఉండారు."

"వదిలేస్తావా?"

వాడు బోర్డు వైపు చూశాడు. "నీ పేరుతో నిలబడిన పాట వదిలేస్తే రేపు ఆ బోర్డు ఎట్ల పెట్టుకునేది?" అని లేచి వెళ్ళాడు. శుక్రవారం లోపల డబ్బు మొత్తం కట్టాడు. షెడ్డులో ఉన్న రెండు రోటావేటర్లు వచ్చిన ధరకు అమ్మేశాడు. మునిచంద్ర ట్రాక్టర్ షెడ్డు ముందు నిలబెట్టాడు. కొనేవాళ్ళు వస్తున్నారు, చూస్తున్నారు, నాలుగు లక్షలా అని పోతున్నారు. పాటలున్నాయని ఫోను చేసి చెప్పేవాళ్ళు ఇప్పుడు చెయ్యటం లేదు. ఒక రోజు అన్నం తింటూ వాడు తలెత్తకుండా అన్నాడు, "ఆ యమ్మకి రెండు ఆవులు ఇచ్చినావు. మన షెడ్డు తలుపు మూసినావు." నేను మజ్జిగ పోశాను. ఇంకేం చెయ్యను?

నెల దాటాక సిద్ధమ్మ వచ్చింది. చేతిలో స్టీలు క్యాను. నల్లమచ్చల ఆవు మొదట ఇచ్చిన పాలట, నాకోసం తెచ్చింది. అయిదూ కొనేసింది. పేర్లు కూడా చెప్పింది. నాకు ఎంత సంతోషమయిందో. కూర్చో అన్నాను. ఎప్పుడూ వంటింటి గడప మీద కూర్చునే పిల్ల ఆ రోజు వరండాలో కూర్చుంది.

"ఈడేనా పెద్దమ్మా?" అంది.

"ఏది?"

"లోపలి పాట. ఊర్లో అందరూ సెప్పుకుంటా ఉండారు. నువ్వెందుకు నీ మీదే పాడినావని ఎవురో అడిగితే, టీ అంగడికాడ నరేంద్ర తాగి మొత్తం కక్కేసినాడంట." వరండాను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "మా నాయన గానుగ కూడా ఈడికే వచ్చిందా?"

నేను చెప్పటానికి మనసు రాలేదన్న గానుగ అదే. ఇరవై ఏళ్ళ కిందటిది. ఇనప రోళ్ళు, డీజిల్ ఇంజను, మా పుట్టినూళ్ళో అంత మంచి గానుగ లేదు. సిద్ధమ్మ నాయన బోరు వేయించటానికి దాన్ని పాటకు పెట్టాడు. అప్పుడు మా ఆయన మీదే కొట్టించుకున్నారు.

"ఇరవై రెండు వేలకి పోయింది" అంది సిద్ధమ్మ. "నాకు గుర్తుండాది. ఆ డబ్బుతో బోరు వేస్తే రెండొందల ఎనభై అడుగులకి అయిపోయింది. తడి మట్టి తగలతా ఉండాది, ఇంకో వంద వేయమని బోరోడు సెప్పినాడు. డబ్బు యాడుండాది? బండి ఎత్తుకోని పోయినాడు. మా నాయన ఆ గుంత పక్కన పొద్దుగూకే దాకా కూర్సున్నాడు. ఆపైన బెంగుళూరుకి మట్టి పనికి పోయినాడు. ఆడే పోయినాడు." క్యాను మూతను తిప్పుతూ ఉంది. "ఈడ ఎంతకి పోయింది పెద్దమ్మా?"

"ఎప్పటిదో తల్లీ. గుర్తు లేదు" అన్నాను.

నా జన్మలో ఆ మాట అనటం అదే మొదటిసారి. నాకే కొత్తగా వినిపించింది.

సిద్ధమ్మ కోపం తెచ్చుకోలేదు. "నీకా? నా బారసాల రోజు ఎవురెవురు ఏమేం తెచ్చినారో సెప్తావు నువ్వు." మెల్లగా అంది. "గుర్తు లేదని కాణిపాకం సామి మీద ఒట్టేసి సెప్పు. నమ్మతా. మళ్ళా అడగను."

చెయ్యి ఎత్తబోయాను, ఎత్తలేకపోయాను. షెడ్డులో గిరి సుత్తి శబ్దం ఆగింది. వాడూ వింటున్నాడు.

"అరవై రెండు వేలు" అన్నాను.

ఆమె కళ్ళు వరండా స్తంభం మీద ఉన్నాయి.

"అప్పుడు ఆవు ఎంత పెద్దమ్మా?"

"పది వేలు."

ఆమె కొంగు కింద కాదు, ఎదురుగా, నాకు కనబడేలా వేళ్ళు ముడిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ముడిచిన చెయ్యి అలాగే పెట్టుకుని లేచింది. పాలు నా గిన్నెలో పోసి, క్యాను కడగకుండానే తీసుకుని, గేటు దాటింది.

ఆ గానుగ మీద మిగిలిన డబ్బుతో మా ఆయన నాకు ఎర్రరాళ్ళ కమ్మలు చేయించాడు. ఆ రోజు వరండాలో కూడా అవి నా చెవులకే ఉన్నాయి. వాటి సంగతి ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.